మోచేతి కింద నాలుగు వేళ్ళు

1997వ సంవత్సరం. బెంగళూరులో గ్రానైట్ పని మొదలుపెట్టి నాకు అప్పటికి తొమ్మిదేళ్ళు. హోసూరు రోడ్డులో అత్తిబెలెకు కాస్త ఇవతల రేకుల షెడ్డు, అందులో ఒక కోత మిషను, ఒక పాలిష్ మిషను, నలుగురు పనివాళ్ళు. మాది బాగేపల్లి పక్క పల్లె కాబట్టి ఇంట్లో తెలుగు, పనిలో కన్నడ, తమిళ మేస్త్రీలతో సగం మాటలు, సగం సైగలు. వంటింటి గట్లు వేయడంలో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు కాస్త నెత్తికెక్కిందని కూడా ఒప్పుకోవాలి, ఎందుకంటే నేను చెప్పబోయే తప్పు అక్కడి నుంచే వచ్చింది.

ఆ రోజుల్లో వంటింటి గట్టు ఎత్తుకు అందరిదీ ఒకటే లెక్క, ముప్పై మూడు అంగుళాలు. ఇంటావిడ పొట్టిదైనా పొడుగుదైనా మేస్త్రీకి పట్టేది కాదు. నేను మాత్రం రాయి కోసే ముందు ఇంటికి వెళ్ళి, "వంట చేసేది ఎవరు?" అని అడిగేవాణ్ణి. ఆ మనిషిని చెప్పులు లేకుండా గోడ పక్కన నిలబెట్టి, మోచెయ్యి మడవమని, దాని కింద నాలుగు వేళ్ళ మందం వదిలి నీలం పెన్సిలుతో గీత గీసేవాణ్ణి. ఆ గీతే గట్టు పైభాగం. గట్టు ఎత్తైతే భుజాలు లాగుతాయి, తగ్గితే నడుము పోతుంది. "ఇల్లు కట్టేది నేను, నువ్వు ఆమెను కొలుస్తావేందప్పా?" అని వెక్కిరించిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే, రేపు అక్కడ నిలబడేది మీరైతే మిమ్మల్నే కొలుస్తాను అని.

ఒక ఆదివారం పొద్దున ఆరడుగుల మనిషి ఒకాయన షెడ్డుకు వచ్చాడు. చేతిసంచిలో టేప్ రికార్డర్. పేరు జయరాజు. సొంతూరు జమ్మలమడుగు దగ్గర, ఉద్యోగం ఇక్కడొక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. మారతహళ్ళిలో ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మారతహళ్ళి అంటే ఇంటికీ ఇంటికీ మధ్య రాగి చేలు ఉండేవి. ఇల్లంతా అయింది, వంటింటి గట్టు ఒక్కటే మిగిలింది.

"గట్టు వేసేవాళ్ళను వెతుకుతావుండా," అన్నాడు. "ఇంతకుముందు ముగ్గురి దగ్గరికి పోయినా. మీరు నాలుగో ఆయన. కానీ ఒప్పుకొనేది నేను కాదు, మా ఇంటామె."

"అయితే ఆమెను పిలుచుకొని రాకపోయినారా సార్?"

"ఆమె మస్కట్‌లో ఉండాది. నర్సు. మూడేండ్లాయ." అని సంచిలోంచి టేప్ రికార్డర్ తీసి పాలిష్ మిషను పక్కన రాతి పలక మీద పెట్టాడు. "మీరు ఆ మిషను ఆపిస్తే ఆమె మాట్లాడతాది."

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపడం నాకు తెలుసు. సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతారు, ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళ చేతికి జవాబు వెళ్తుంది. కానీ కాంట్రాక్టరును ఎంచుకోవడానికి క్యాసెట్ పంపిన మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు, ఆ తరువాత కూడా చూడలేదు. మిషను ఆపించాను. సన్నటి, కాస్త అలసిన గొంతు వినిపించింది.

"అన్నా, నమస్తే. నేను కరుణను. మీరెవరో నాకు తెలీదు. మీ మొహం చూసి మాట్లాడే దారి లేదు. అందుకే ఈ టేపు. నేను పెండ్లయినప్పటి నుంచి ఆరు బాడిగిండ్లలో వండినాను. ఇప్పుడు ఈడ క్వార్టర్సులో తొమ్మిది మందికి ఒక వంటిల్లు. నాదని చెప్పుకొనే గట్టు మీద ఇంతవరకు ఒక్క పూట వండలేదు. అందుకని ఇన్ని అడుగుతావుండాననుకోవద్దు. మూడు అడుగుతాను. ఒక్కొక్కటి అడిగినాక ఆయన టేపు ఆపుతాడు. మీరు నిదానంగా చెప్పండి."

ఉన్నది ఒక్క టేప్ రికార్డరే. జయరాజు ప్రశ్న వినిపించి, ఆ క్యాసెట్ బయటికి తీసి, ఖాళీది వేసి, ఎర్ర మీట నొక్కి నా మొహం ముందు పెట్టేవాడు. జవాబు కాగానే మళ్ళీ మార్పు. నా పనివాళ్ళు నలుగురూ పని మానేసి చుట్టూ చేరి, పెళ్ళిచూపులు చూస్తున్నట్టు చూశారు.

రాయి మీరే కోస్తారా, ఇంకెవరికైనా ఇచ్చేస్తారా? ఇది మొదటి ప్రశ్న. నేనే కోస్తానని చెప్పాను. సింక్ కటౌట్, అంటే సింకు దిగడానికి రాయిలో కోసే తొర్ర, మా ఇంట్లో కోస్తారా, మీ దగ్గరే కోసి తెస్తారా? ఇది రెండోది. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. తొర్ర కోసిన చోట రాయి సన్నబడుతుంది, దారిలో లారీ ఎగిరిపడితే అక్కడే విరుగుతుంది. ఇంట్లోనే కోస్తాను, రెండు రోజులు దుమ్ము భరించాలి అన్నాను.

మూడోది చిన్న ప్రశ్న. "రాయి పగిలితే?"

అంతకుముందు ముగ్గురూ ఏం చెప్పారో జయరాజు ఆ తరువాత నాకు వినిపించాడు. ఒకాయన, "మా రాయి పగలదు మేడమ్" అన్నాడు. ఇంకొకాయన "మీరేం టెన్షన్ పడొద్దు మేడమ్" అని అదే మాట నాలుగుసార్లు అన్నాడు. మూడో ఆయన పగిలితే కనపడకుండా అతికిస్తానని చెప్పి, అతుకు ఎంత బాగా వేస్తాడో వర్ణించాడు. నేను ఏమన్నానంటే, "పగలదని చెప్పలేనమ్మా. రాయి కదా. గట్టు మీద పెట్టేలోపల పగిలితే వేరే రాయి తెచ్చేది నా పూచీ. అతికించి ఇవ్వను. ఆ తరువాత మీరు దాని మీద రోకలి పెట్టి దంచితే మాత్రం నన్ను పిలవద్దు."

జయరాజు మీట ఆపబోయాడు. ఆగమన్నాను. "అమ్మా, నాదొక ప్రశ్న. వంట చేసేది మీరే కదా? నేల నుంచి మీ మోచెయ్యి ఎంత ఎత్తు? చెప్పులు లేకుండా నిలబడి ఎవరిచేతనైనా కొలిపించి పంపండి. అది తెలీకుండా నేను రాయి కోయను."

జవాబు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఈసారి జయరాజు మొహం వెలిగిపోతోంది. క్యాసెట్ పెట్టగానే ఆమె నవ్వుతూ మొదలుపెట్టింది. "ముగ్గురన్నలు నాకు జవాబులు చెప్పినారు. మీరొకరే నన్ను అడిగినారు. నేను ఎంత ఎత్తుండానో అని ఈ మూడేండ్లలో ఎవురూ అడగలేదన్నా. పని మీకే. కొలత పంపుతావుండా. డ్యూటీలో ఉండి కొలిచే టేపు దొరకలేదు, మా రూములో ఉండే అమ్మాయి వార్డులోని బ్యాండేజీ గుడ్డతో కొలిచింది. ముడి ఉండే కొస మోచేతి కాడికి."

కవరులో మడత పెట్టిన తెల్లటి బ్యాండేజీ గుడ్డ ఉంది. ఒక కొసకు ముడి. దాన్ని నాకిచ్చే ముందు జయరాజు కాసేపు చేతిలో పెట్టుకున్నాడు. నేను చూడనట్టు పక్కకు తిరిగాను.

మరుసటి వారం మారతహళ్ళి వెళ్ళాను. గుడ్డ ఒక కొసను నేలమీద జయరాజు కాలి బొటనవేలితో అదిమి పట్టాడు. ముడి ఉన్న కొసను నేను గోడ వెంబడి పైకి లాగాను. ఎలా లాగాను? మేస్త్రీ దారం లాగినట్టు లాగాను. మా పనిలో దారం బిగువుగా లేకపోతే గోడ వంకర పోతుంది, అరుగు వాలిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఏ దారం నా చేతికొచ్చినా టంగుమనేదాకా లాగడమే నాకు తెలుసు. ముడి దగ్గర గుర్తు పెట్టి స్టీలు టేపుతో చూస్తే ముప్పై ఏడున్నర. నాలుగు వేళ్ళకు మూడు అంగుళాలు తీసేస్తే గట్టు ముప్పై నాలుగున్నర దగ్గర. నీలం పెన్సిలుతో గీత గీశాను.

జయరాజు ఆ గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. దాన్ని చూశాడు, తన చొక్కా గుండీల వైపు చూసుకున్నాడు. మళ్ళీ గీతను చూశాడు.

"ఇంత ఎత్తా నారాయణప్పా? ఆమె తల నా భుజానికి కూడా రాదే."

ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ రోజు నేనన్న మాటకు నాకు సిగ్గుగా ఉంది. "సార్, మీకుండేది గుర్తు. నా చేతిలో ఉండేది కొలత. మనిషిని చూసి మూడేండ్లాయ, గుర్తు అటూ ఇటూ అవుతాది. కొలత కాదు."

ఆయన వాదించలేదు. అరచేతిని తన భుజానికి కాస్త కింద ఒకసారి ఆనించుకున్నాడు, గాలిలో ఎవరి తలమీదో పెట్టినట్టు. "మూడేండ్లాయ కదా. మర్చిపోయినానేమో," అని చెయ్యి దించేశాడు.

గట్టు బాగా వచ్చింది. నల్ల గ్రానైట్, మచ్చ లేని పలక. అంచుకు గుండ్రంగా నోసింగ్, అంటే చెయ్యి ఆనిస్తే కోసుకోకుండా అంచును తిప్పి నున్నగా చేయడం. సింకు తొర్ర ఆ ఇంట్లోనే కోశాను, రాయి పగల్లేదు. గట్టు పైన గోడకు తెల్ల టైల్స్ వేయించాను. జయరాజు గట్టును గుడ్డతో తుడుస్తూ అందులో తన మొహం చూసుకున్నాడు. వచ్చే డిసెంబరులో కరుణకు సెలవు, నలభై రోజులు. ఇంకా నాలుగు నెలలుంది.

ఆ రోజు ఇంటికొచ్చి చొక్కా విప్పి పడేస్తే మా ఆవిడ రత్న జేబులోంచి బ్యాండేజీ గుడ్డ తీసింది. ఎవరికి దెబ్బ తగిలిందని కంగారుపడింది. సంగతంతా గొప్పగా చెప్పాను, క్యాసెట్ కథతో సహా. విని నవ్వి, ఆ గుడ్డను నేలమీద చక్కగా పరిచి, నా స్టీలు టేపు తీసుకుని కొలిచింది.

"ముప్పై ఏడున్నర అంటివే? ముప్పై అయిదే ఉండాది."

"సరిగ్గా చూడు. లాగి పట్టుకో."

లాగి పట్టుకుంది. ముప్పై ఏడున్నర అయింది. వదిలేసింది. మళ్ళీ ముప్పై అయిదు. రత్న నా మొహంలోకి చూసింది. "బ్యాండేజీ గుడ్డ సాగుతాదని తెలీదా నీకు? రాయి అనుకొంటివా?" అని, తరువాత కాస్త మెల్లగా, "ఊర్లో ఆడోళ్ళ మోచేతులన్నీ కొలుస్తావు. నా మోచెయ్యి ఎంతెత్తుందో తెలుసునా?" అంది. మా వంటింట్లో ఉన్నది షెడ్డులో మిగిలిపోయిన ముక్కలతో వేసిన గట్టు, ఎవరినీ అడక్కుండా వేసిందే. నేను ఆ మాట విననట్టే ఉండిపోయాను. నా తలలో తిరుగుతున్నది మారతహళ్ళి గట్టే.

రెండున్నర అంగుళాలంటే బయటివాళ్ళకు చిన్న మాట. రోజూ ఉల్లిగడ్డలు తరిగే మనిషికి అది భుజాల నొప్పి. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. జయరాజు చెప్పింది నిజం. ఆయన గుర్తు సరిగ్గానే ఉంది, నేనే అది తప్పని ఒప్పించాను. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆమె వచ్చాక కాస్త ఎత్తుగా ఉందనుకుంటుంది, తను పంపిన కొలతే కదా అనుకుని సర్దుకుంటుంది. మా పనిలో ఇలాంటి సంగతులు సిమెంటు కిందకు వెళ్ళిపోతాయి. వారం రోజులు నేను కూడా వెళ్ళనిద్దామనే చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ పగిలితే ఏం చేస్తావని అడిగిన ఆ గొంతు వదిలిపెట్టలేదు. రాయి పగల్లేదు గానీ, ఆమె అడిగింది దీని గురించే కదా అనిపించింది.

ఆదివారం వెళ్ళి జయరాజు ముందు గుడ్డను గట్టు మీద పరిచి, లాగి చూపించాను, వదిలి చూపించాను. తిడతాడని సిద్ధపడే వెళ్ళాను. ఆయన కూడా ఒకసారి గుడ్డను లాగి, వదిలి చూశాడు. ఆ తరువాత ఆ పెద్దమనిషి మొహంలో వచ్చిన సంతోషం నేను మర్చిపోలేను.

"అంటే నేను మర్చిపోలేదా?"

"లేదన్నా. నీకు గుర్తుండేదే నిజం. నాదే తప్పు."

అరచెయ్యి మళ్ళీ భుజం కిందకి వెళ్ళింది. అదే చోటు. "ఈడికి వస్తాది," అన్నాడు. "ఈడికే వస్తాది." కళ్ళు తుడుచుకుని టేప్ రికార్డర్ తెచ్చాడు.

ఆ రోజు ఎర్ర మీట ముందు మాట్లాడినంత కష్టంగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "తప్పు గుడ్డది కాదమ్మా, మీది కాదు, లాగిన నా చేతిది. గట్టు పీకి మళ్ళీ దించి వేస్తాను, ఖర్చు నాదే. కానీ ఒకటి చెప్పాల. సింకు తొర్ర ఉండే రాయిని ఎత్తేటప్పుడు విరిగినా విరగొచ్చు. విరిగేదానికి, విరక్కుండా ఉండేదానికి సగం సగం. విరిగితే ఇదే మాదిరి పలక మళ్ళీ దొరకడానికి టయిం పడుతుంది."

ఆమె జవాబు నవంబరు చివర్లో వచ్చింది. మొదట వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. "వద్దన్నా. పీకొద్దండి. నేను వచ్చేటప్పటికి ఆడ గట్టే లేకపోతే? నలభై రోజుల కోసం మూడేండ్లుగా లెక్కపెట్టుకుంటావుండా. అందులో పది రోజులు దుమ్ముకు ఇచ్చేదానికి నాకు మనసు రాదు. ఎత్తుంటే ఉండనీలే. మునివేళ్ళ మీద నిలబడి వండుతా." ఆగి, "చెప్పినందుకు సంతోషమన్నా. నేను మనిషిని సరిగ్గానే ఎంచుకున్నాను," అంది.

మునివేళ్ళ మీద నిలబడి వండుతాను అన్న మాట నాకు గుచ్చుకుంది. గట్టు దించడం కుదరకపోతే మనిషిని పైకి లేపాలి. షెడ్డులో ఒక బూడిద రంగు రాయి తీసుకుని, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, సరిగ్గా రెండున్నర అంగుళాల మందంతో కోశాను. పైభాగానికి పాలిష్ పెట్టలేదు, ఫ్లేమింగ్ చేశాను, అంటే గ్యాసు మంటతో రాతి మొహాన్ని కాల్చి గరుకుగా చేయడం. తడి కాళ్ళతో నిలబడినా జారదు. ఆమె దిగిన మూడో రోజు దాన్ని స్కూటరు మీద పెట్టుకుని వెళ్ళాను.

గొంతు తెలిసిన మనిషిని మొదటిసారి చూడడం వింతగా ఉంటుంది. నేను ఊహించుకున్న దానికంటే చిన్న మనిషి. భర్త పక్కన నిలబడితే ఆయన చెయ్యి పెట్టి చూపించిన చోటికే, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఆమె తల వచ్చింది. రాతిని గట్టు ముందు పెట్టాను. ఎక్కి నిలబడి మోచెయ్యి మడిచింది. నాలుగు వేళ్ళు పెట్టి చూశాను. సరిపోయింది. ఆమె గట్టు మీద రెండు అరచేతులూ ఆనించి, తల వంచుకుని, చాలాసేపు అలాగే ఉంది. "నాదీ," అంది చివరకు, ఎవరితోనో తెలియకుండా. ఆ పూట నాకు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది.

నలభై రోజులు అయిపోయాయి, ఆమె వెళ్ళిపోయింది. అక్కడి ఉద్యోగంలో ఒక కాంట్రాక్టు అయిందంటే ఇంకొకటి. తమ్ముడి చదువు, అత్తగారి ఆపరేషను, అట్లా ఏదో ఒకటి ఆపేది. అప్పుడప్పుడు జయరాజు ఎదురుపడితే, "వచ్చే ఏడు వచ్చేస్తాది నారాయణప్పా" అనేవాడు. కొన్నాళ్ళకు క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. ఆమె పాత క్యాసెట్లన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టుకున్నానని ఒకసారి చెప్పాడు. నేను కూడా పెద్ద మిషన్లు కొన్నాను, కంపెనీల వాళ్ళు కట్టే ఫ్లాట్లకు ఒకేసారి నలభై వంటిళ్ళు వేయడం మొదలుపెట్టాను. ఆ నలభై గట్లకూ ఒకటే ఎత్తు. అక్కడ అడగడానికి మనిషే ఉండదు. ఫ్లాటు కొనేది ఎవరో, అందులో వండేది ఎవరో, గట్టు వేసే రోజుకు ఇంకా ఎవరికీ తెలియదు. గీత గీసిన పాత రోజులు గుర్తొచ్చి కొన్నిసార్లు ఆ ఖాళీ వంటిళ్ళలో ఊరికే నిలబడిపోయేవాణ్ణి.

2005లో ఫోన్ వచ్చింది. ఆ సన్నటి గొంతు. "అన్నా, నేను కరుణను. వచ్చేసినా. ఒకసారి ఇంటికి రాండి."

మారతహళ్ళిలో ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. రాగి చేల మీద నాలుగంతస్తుల పీజీ హాస్టళ్ళు, ఎక్కడ చూసినా క్యాబులు. ఆ ఇల్లు మాత్రం అలాగే ఉంది. తలుపు తీసింది జయరాజు. జుట్టు నెరిసింది. చొక్కా పైన వెడల్పాటి నడుము బెల్టు. డాక్టరు వంగవద్దన్నాడట.

వంటింట్లో కరుణమ్మ గట్టు ముందు ఉంది, కానీ రాతి మీద లేదు. పక్కన నిలబడి దాన్నే చూస్తోంది. నన్ను చూడగానే, "అన్నా, మీరు రాతి మనిషి కదా, ఇది చూసి చెప్పండి," అంది.

వంగి చూశాను. ఫ్లేమింగ్ చేసిన రాయి గరుకుగా ఉంటుంది కాబట్టి నూనె పీలుస్తుంది. కాళ్ళకున్న నూనె, చెమట పడీపడీ రాయి రంగు మారిపోతుంది. ఆ బూడిద రాతి మధ్యలో రెండు నల్లటి మరకలు పడ్డాయి. రెండు పాదాలు. వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. మడమలు వెనక అంచు దాకా వచ్చాయి. ఇంత నలుపు తిరగాలంటే ఏళ్ళ తరబడి రోజూ నిలబడాలి.

"నేను వచ్చింది నాలుగు సార్లు," అంది ఆమె. "నాలుగు నలభైలు. నూట అరవై రోజులు నిలబడినా దీని మీద. నూట అరవై రోజులకు ఇంత మరక పడతాదా అన్నా?"

"పడదమ్మా."

ఆమె చెప్పులు విడిచి కుడికాలు ఆ మరకలో పెట్టింది. ఆమె పాదం చుట్టూ నలుపు రెండు వేళ్ళ వెడల్పున మిగిలిపోయింది.

ఆరడుగుల మనిషికి ఆ గట్టు మామూలుగానే తక్కువ. రాయి ఎక్కితే ఇంకా రెండున్నర అంగుళాలు తక్కువవుతుంది. నడుము మడిచి, మెడ వంచి, ఇన్నేళ్ళుగా ఆయన ఆ రాతి మీదే నిలబడి తన ఒక్కడి వంట వండుకున్నాడు. కాలితో పక్కకు తోస్తే పోయే రాయి అది.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఏంటికి?"

జయరాజు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊరికే," అన్నాడు.

ఆమె వెళ్ళి ఆయన నడుము బెల్టును సరిచేస్తున్నట్టు పట్టుకుని, తలను ఆయన భుజం కింద ఆ చోట ఆనించింది. నేను సింకు వైపు తిరిగి, ఏ చుక్కా కారని కొళాయిని పరీక్షించాను. నా కళ్ళు కూడా తడిశాయి, దాచడమెందుకు?

కాసేపటికి ముక్కు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. "గట్టు దించెయ్యండన్నా. దుమ్ము ఎన్ని రోజులైనా సరే. ఈసారి నేను పోయేది లేదు."

"వంట చేసేది ఎవరమ్మా?" అని అడిగాను. అలవాటు.

"నేను. ఆయన ఇన్నేండ్లు వండినాడు, చాలు. ఇంక కూచోని ఉల్లిగడ్డలు కోస్తాడు."

గోడ పక్కన నిలబెట్టి, ఈసారి స్టీలు టేపుతోనే కొలిచాను. ముప్పై నాలుగున్నర. రెండుసార్లు చూశాను. అంగుళంలో సగం తగ్గింది. "ఆ సగం ఆడనే పోగొట్టుకొని వచ్చినట్టుండా," అని నవ్వింది. నీలం పెన్సిలు జేబులో లేకపోతే జయరాజు అరలోంచి ఒకటి తెచ్చిచ్చాడు. ఎనిమిదేళ్ళ కిందట నేను మర్చిపోయి వెళ్ళింది.

గట్టు దించేటప్పుడు రాయి విరగలేదు. పని ముగిశాక ఆ బూడిద రాతిని తీసుకుపోనా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. వెనక వాకిట్లో మెట్టుగా వేశాను, మరకలు పైకే ఉండేలా.

కాంట్రాక్టరును ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతారు. రాయి పగిలితే ఏం చేస్తావని అడగండి, పగలదని చెప్పినవాణ్ణి పంపించెయ్యండి అంటాను. అది కరుణమ్మ దగ్గర నేర్చుకున్న మాటే. జయరాజు దగ్గర నేర్చుకున్నది మాత్రం బయట ఎవరికీ చెప్పలేదు. ఆ గట్టు దించిన రోజు ఇంటికి వచ్చేసరికి రత్న చపాతీ పిండి కలుపుతోంది. జేబులోంచి నీలం పెన్సిలు తీశాను.

"రత్నా, ఒకసారి ఈ గోడ పక్కన నిలబడు. మోచెయ్యి మడువు."

పిండి చేతులతోనే నా వైపు చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేతులు దులుపుకుని వచ్చి, ఇంటి చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడింది.